తొమ్మిది నెలల ముందే టికెట్ కొనాలా, చివరి వారం దాకా ఆగాలా?

వేసవిరాగం

పంతొమ్మిదేళ్లుగా నేను వింటున్న బ్యాండ్ మొదటిసారిగా ఒక రాత్రి ప్రయాణంతో చేరుకోగలిగిన ఊరికి వస్తోంది. కచేరీకి ఇంకా తొమ్మిది నెలల వ్యవధి ఉంది. బ్యాండ్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకున్నవారికి వచ్చే గురువారం ఉదయం పది గంటలకు ముందస్తు అమ్మకం మొదలవుతుంది. మిగిలినవారికి ఆ మర్నాడు. నాకు కోడ్ వచ్చింది, అయినా నిర్ణయం తీసుకోలేకపోతున్నాను.

డబ్బు ఒక్కటే సమస్య అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. ఈ బ్యాండును నాకు పరిచయం చేసినది మా అక్క. తాను ఏరి కూర్చిన పాటలను ఒక సీడీలో నింపి, నేను హాస్టలుకు వెళ్లే రోజున చెప్పకుండా నా పెట్టెలో పెట్టింది. ఆమె లేకుండా ఈ కచేరీకి వెళ్లడానికి నాకు మనసు రావడం లేదు. అయితే ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ పట్టిక ఒక నెల ముందు మాత్రమే చేతికి వస్తుంది. కచేరీ రద్దయితే తప్ప డబ్బు తిరిగి ఇవ్వబోమని టికెట్ నిబంధనల్లో స్పష్టంగా రాశారు.

తరచూ కచేరీలకు వెళ్లే ఒక స్నేహితుడు, చివరి వారంలో రీసేల్ (కొన్నవారు తిరిగి అమ్మే టికెట్ల) ధరలు ఎలాగూ పడిపోతాయి కాబట్టి ఆగమంటున్నాడు. మరొక స్నేహితురాలు, కోడ్ చేతిలో ఉండి కూడా ఆగితే తరువాత ఏడవవలసి వస్తుందని హెచ్చరిస్తోంది. ఇద్దరి మాటలూ నమ్మదగినవిగానే తోస్తున్నాయి. ముందుగా కొన్నవారు, ఆగి కొన్నవారు, ఆగి నష్టపోయినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

మూడోవరుస

కొనండి. ముందస్తు కోడ్ అందరికీ రాదు. పంతొమ్మిదేళ్లు ఎదురుచూసిన బ్యాండ్ విషయంలో ధర ఎప్పుడు తగ్గుతుందా అని తొమ్మిది నెలలు తెర వంక చూస్తూ కూర్చోవడం కూడా ఒక ఖర్చే.

నిదానం

మూడోవరుస గారితో నేను ఏకీభవించలేను. గత ఎనిమిదేళ్లలో నేను పదకొండు కచేరీలకు ఉద్దేశపూర్వకంగా ఆగి కొన్నాను. వాటిలో ఏడింటికి అసలు ధర కంటే తక్కువకే టికెట్ దొరికింది, మూడింటికి ఇంచుమించు అదే ధర పడింది, ఒక్కటి మాత్రం పూర్తిగా చేజారింది. దీని వెనుక ఉన్న కారణం చాలా సులువైనది. కచేరీ మొదలైన మరుక్షణం టికెట్ విలువ సున్నా. రాలేకపోయినవారు, లాభం కోసం ఎక్కువ టికెట్లు కొని పెట్టుకున్నవారు కూడా ఆ గడువు లోపలే వదిలించుకోవాలి. అందుకే చివరి రెండు రోజుల్లో, ముఖ్యంగా కచేరీ రోజు మధ్యాహ్నం తరువాత, అమ్మేవారి పట్టుదల సడలుతుంది. పెద్ద వేదిక, వారం మధ్యలో పడిన రోజు, ఒకే ఊరిలో రెండు మూడు ప్రదర్శనలు ఉన్నప్పుడు ఇది మరింత బాగా కనిపిస్తుంది.

మూడోవరుస

చేజారిన ఆ ఒక్కటి ఏ బ్యాండ్ కచేరీయో చెప్పగలరా, నిదానం గారూ?

నిదానం

అడిగారు కాబట్టి నిజం చెప్పాలి. అది నాకు అన్నింటికంటే ఇష్టమైన బ్యాండ్. ఆరువందల మంది మాత్రమే పట్టే హాలు. చివరి వారంలో రీసేల్ పేజీ తెరిచినప్పుడల్లా అది ఖాళీగానే ఉండేది. మిగిలిన పది కచేరీలలో మిగుల్చుకున్న డబ్బంతా కలిపినా ఆ రాత్రికి సాటి రాదని ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే నా తప్పు ఆగడంలో లేదు. ఆరువందల మంది పట్టే హాలుకు, ఇరవై వేల మంది పట్టే అరీనాకు ఒకే సూత్రం వర్తిస్తుందని నమ్మడంలో ఉంది.

లెక్కలబడి

ఈ చర్చలో ఒక విషయం కలగలిసిపోతోంది. ‘టికెట్లు అయిపోయాయి’ అన్న మాటకు ‘ఇక ఒక్క సీటు కూడా బయటికి రాదు’ అని అర్థం కాదు. అమ్మకం మొదలైన రోజున హాలులోని సీట్లన్నీ పెట్టరు. వేదిక ఎంత ముందుకు వస్తుందో, శబ్ద నియంత్రణ బల్ల ఎక్కడ ఉంటుందో, కెమెరాలు ఏ సీట్లకు అడ్డుపడతాయో అప్పటికి ఖరారు కాదు కాబట్టి కొన్ని వరుసలను పక్కన పెట్టి ఉంచుతారు. కళాకారుల అతిథులకు, నిర్వాహకులకు, స్పాన్సర్లకు మరికొన్ని ఉంటాయి. వేదిక నిర్మాణం పూర్తయ్యాక, అంటే సాధారణంగా కచేరీకి కొద్ది రోజుల ముందో అదే రోజునో, అక్కరలేని సీట్లను అసలు ధరకే అధికారిక పేజీలో వదులుతారు. వీటికి ప్రకటన ఉండదు. రోజుకు రెండుమూడుసార్లు పేజీ తెరిచి చూసే ఓపిక ఉన్నవారికి మంచి సీట్లే దొరుకుతాయి.

రెండోది, అదనపు ప్రదర్శనలు. విడిపోయిన బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఒయాసిస్ తిరిగి కలుస్తున్నట్టు 2024 ఆగస్టు 27న ప్రకటించింది, 31న అమ్మకం పెట్టింది. ఆ నాలుగు రోజుల లోపలే మూడు ప్రదర్శనలు కలిపారు. అమ్మకం ముగిసిన కొద్ది రోజులకే లండన్ వెంబ్లీ స్టేడియంలో మరో రెండు ప్రకటించి, మొదటి విడతలో క్యూలో నిలబడి కూడా టికెట్ దొరకనివారిని ముందుగా పిలిచారు. కోల్డ్‌ప్లే విషయంలోనూ ఇంతే. 2025 జనవరిలో ముంబయి ప్రదర్శనలకు 2024 సెప్టెంబరు 22న అమ్మకం పెట్టినప్పుడు లక్షల మంది క్యూలో చిక్కుకున్నారు, అదే రోజు మూడో ప్రదర్శన కలిపారు. ఆ తరువాత అంతకంటే రెట్టింపుకు పైగా పెద్దదైన అహ్మదాబాద్ స్టేడియంలో మరో రెండు ప్రదర్శనలకు నవంబరులో టికెట్లు పెట్టారు. సెప్టెంబరులో బెంబేలెత్తిపోయి బయటివారి దగ్గర అనేక రెట్లు పోసి కొన్నవారు నవంబరులో ఎంత బాధపడి ఉంటారో ఊహించండి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. అధికారిక అమ్మకంలో ముందుగా కొనడం వేరు, భయంతో రీసేల్‌లో ముందుగా కొనడం వేరు. మొదటిది చాలాసార్లు సబబే. రెండోది దాదాపు ఎప్పుడూ పొరపాటే.

వేసవిరాగం

లెక్కలబడి గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. క్యూలో నా వంతు వచ్చేసరికి ధర పెరిగిపోతుందని భయపెడుతున్నారు. ఒయాసిస్ టికెట్ల విషయంలో అలాగే జరిగిందని విన్నాను. నేను ఎంత వరకు పెట్టగలనో ఇప్పుడే లెక్క వేసుకున్నాను. అంతకు మించి ఒక్క రూపాయి కూడా పెట్టలేను.

లెక్కలబడి

జరిగినది నిజమే, అయితే చాలామంది అనుకున్న తీరులో కాదు. నిలబడి చూసే టికెట్లు కొన్ని సుమారు 148 పౌండ్లకు మొదలై, చాలా గంటలు క్యూలో ఉన్నవారి ముందుకు వచ్చేసరికి 355 పౌండ్లు అయ్యాయి. క్షణక్షణం కంప్యూటర్ ధర పెంచిందని అందరూ అనుకున్నారు. బ్రిటన్ పోటీ వ్యవహారాల సంస్థ విచారణ జరిపి, అలాంటి యాంత్రిక పెంపుకు ఆధారం కనబడలేదని చెప్పింది. ఒకే రకం నిలబడే టికెట్లను రెండు ధరల్లో పెట్టి, తక్కువ ధరవి ముందుగా అమ్మి, అవి పూర్తి కాగానే ఎక్కువ ధరవి వదిలారు. క్యూలో ఉన్నవారికి ఆ సంగతి తెలియజేయలేదు. ‘ప్లాటినం’ అన్న పేరుతో కొన్ని సీట్లను అదనపు సౌకర్యమేదీ లేకుండానే దాదాపు రెండున్నర రెట్ల ధరకు అమ్మిన విషయాన్ని కూడా ఆ సంస్థ ఎత్తిచూపింది. ఆ టికెట్లు అమ్మిన సంస్థ టికెట్‌మాస్టర్ ఆ తరువాత, ఇలా రెండు ధరలు ఉన్నప్పుడు 24 గంటల ముందుగా చెబుతామని 2025లో హామీ ఇచ్చింది.

మీకు పనికివచ్చే మాట ఏమిటంటే, ముందురోజు నిర్వాహకుల పేజీలో ధరల పట్టిక పెట్టారా లేదా చూడండి. పట్టిక ఉంటే ఏ విభాగానికి ఎంతో రాసుకోండి. ప్లాటినం, ప్రీమియం వంటి పేర్లు కనబడితే అవి మంచి సీట్లని అనుకోకండి. మ్యాప్ తెరిచి, మామూలు ధరలో అదే వరుస ఉందేమో చూడండి. మీరు వేసుకున్న లెక్క దాటితే పేజీ మూసేయండి.

పాతక్యాసెట్

ధర గురించి చాలా చెప్పారు. నేను కాలం గురించి చెబుతాను.

బ్యాండ్ అంటే నలుగురైదుగురు మనుషులు. వాళ్లు వచ్చే ఏడాది కూడా కలిసే ఉంటారన్న నమ్మకం లేదు. అదే ఒయాసిస్ 2009 ఆగస్టు 28న ప్యారిస్ దగ్గర ఒక ఉత్సవంలో వేదిక ఎక్కడానికి కొద్దిసేపటి ముందు విడిపోయింది. మైదానంలో నిలబడ్డ జనానికి ప్రదర్శన లేదన్న ప్రకటన మాత్రమే అందింది. వాళ్లు మళ్లీ ఒకే వేదిక మీదికి వచ్చింది 2025 జులై 4న, కార్డిఫ్‌లో. మధ్యలో దాదాపు పదహారేళ్లు. ‘ఈసారి వద్దులే, మళ్లీ వస్తారు కదా’ అనుకున్నవారు ఎంతమందో.

ఫూ ఫైటర్స్ 2022 మార్చిలో దక్షిణ అమెరికా పర్యటనలో ఉండగా డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ బొగోటాలో మరణించాడు. మిగిలిన పర్యటన మొత్తం రద్దయింది. బ్యాండ్ తరువాత తిరిగి వచ్చింది గాని, అతని వాయిద్యాన్ని ఎదురుగా వినవలసినవారికి ఆ అవకాశం మళ్లీ రాలేదు.

నేను ఇరవై రెండేళ్ల వయసులో డబ్బు లేదని ఒక కచేరీ మానుకున్నాను. నిజానికి డబ్బు ఉంది. కొత్త బూట్లు కొన్నాను. ఆ బ్యాండ్ గాయకుడు ఇప్పుడు లేడు. వేసవిరాగం గారూ, ఈ మాట మిమ్మల్ని తొందరపెట్టడానికి చెప్పడం లేదు. మీ అక్కయ్య ఇచ్చిన సీడీ సంగతి చదివాక చెప్పకుండా ఉండలేకపోయాను.

నిదానం

పాతక్యాసెట్ గారి మాట హృదయానికి తగిలింది. అయినా అదే కాలం ముందుగా కొన్నవారికి కూడా ఎదురు తిరుగుతుందని గుర్తు చేయాలి. రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ అనే బ్యాండ్ 2020 పర్యటనకు టికెట్లు కొన్నవారు కరోనా వల్ల 2022 దాకా ఎదురుచూశారు. ఆ జులైలో పర్యటన మొదలైన రెండో కచేరీలోనే గాయకుడి కాలికి గాయమైంది. కూర్చొనే పాడుతూ కొన్ని ప్రదర్శనలు పూర్తి చేశాడు. ఆ తరువాత ఐరోపా ప్రదర్శనలు, మిగిలిన ఉత్తర అమెరికా ప్రదర్శనలు రద్దయ్యాయి. ఇక పర్యటనలు ఉండవని డ్రమ్మర్ 2024లో చెప్పేశాడు. రెండేళ్లకు పైగా డబ్బు ఇరుక్కుపోయి, చివరికి కచేరీ చూడకుండానే మిగిలినవారు ఎందరో ఉన్నారు. ముందుగా కొనడమంటే బ్యాండుకు వడ్డీ లేని అప్పు ఇవ్వడమే.

పాతక్యాసెట్

అప్పే, కాదనను. అయితే ఆ జులైలో కూర్చొని పాడిన కచేరీలు చూసినవారిలో 2020లోనే కొన్నవారు కూడా ఉన్నారు, నిదానం గారూ. వాళ్లను అడిగితే వడ్డీ లెక్క చెప్పరు.

వానచినుకు

నా అనుభవం మరొక రకమైనది. ఎనిమిది నెలల ముందు స్నేహితుల కోసం నా కార్డుతో నాలుగు టికెట్లు కొన్నాను. అందరూ ఉత్సాహంగా వస్తామన్నారు. కచేరీ దగ్గరపడేసరికి ఒకరికి పెళ్లి కుదిరింది, ఒకరు ఉద్యోగం మారారు, మరొకరు నాతో మాట్లాడటమే తగ్గించారు. ఒక్కరూ డబ్బు ఇవ్వలేదు. మూడు సీట్లు ఖాళీగా పక్కన పెట్టుకొని చూసిన కచేరీ అది. పాటలు బాగానే ఉన్నాయి. నా మనసే అక్కడ లేదు.

ఇతరుల కోసం ముందుగా కొంటే డబ్బు చేతిలో పడ్డాకే కొనండి. అక్క విషయంలో ఈ సలహా అవసరం లేదని తెలుసు, ఇది చదివే మిగిలినవారి కోసం రాస్తున్నాను.

కొత్తశ్రోత

టికెట్ కొనేటప్పుడు చివర్లో బీమా తీసుకోమని అడుగుతారు కదా. అది తీసుకుంటే అక్కయ్య గారి డ్యూటీ సమస్య తీరిపోదా?

లెక్కలబడి

చాలా పాలసీలలో తీరదు. జబ్బు, ప్రమాదం, దగ్గరి బంధువుల మరణం వంటి కారణాలను జాబితాగా రాస్తారు. ఆ జాబితాలో లేని కారణానికి డబ్బు రాదు. సెలవు దొరకలేదు, డ్యూటీ పడింది అన్నవి సాధారణంగా ఆ జాబితాలో ఉండవు. కొనే ముందు నిబంధనల పత్రం తెరిచి ‘ఉద్యోగం’ అన్న మాట ఎక్కడ, ఏ సందర్భంలో వచ్చిందో వెతకండి. చాలాచోట్ల ఉద్యోగం పోతే ఇస్తారు, డ్యూటీ పడితే ఇవ్వరు.

మూడోవరుస

బీమా కంటే ముందు చూడవలసినది వేరొకటి ఉంది. టికెట్ మరొకరి పేరు మీదికి మార్చుకోవచ్చా, అధికారిక పేజీలోనే తిరిగి అమ్ముకోవచ్చా అన్నది. నాకు ఇది స్వయంగా ఉపయోగపడింది. రెండేళ్ల క్రితం ఏడు నెలల ముందు కొన్నాను. కచేరీకి పది రోజులుందనగా నాన్నగారికి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అధికారిక రీసేల్‌లో పెడితే ఒక రోజులోనే అమ్ముడైంది. సేవా రుసుము మాత్రం పోయింది. ఆ సదుపాయం లేని కచేరీ అయి ఉంటే మొత్తం పోయేది. నేను ‘కొనండి’ అని ఒక్క ముక్కలో చెప్పడానికి ఈ ధైర్యమే కారణం. మొదటే వివరంగా రాయవలసింది.

నిదానం

ఈ సదుపాయం ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. అయితే రీసేల్‌కు పెట్టవలసి వస్తే చివరి రోజు దాకా ఉంచుకోకండి. ధర పడిపోయేది అప్పుడే అని నేనే కదా చెప్పాను. ఆగి కొనేవాడికి లాభమయ్యే రోజు అమ్మేవాడికి నష్టమే. డ్యూటీ పట్టిక నెల ముందు వస్తుందన్నారు కాబట్టి మీకు చాలినంత సమయం ఉంటుంది.

గేటుదగ్గర

నేను ఆరేళ్లు కచేరీ వేదికల ప్రవేశ ద్వారం వద్ద పనిచేశాను. చివరి నిమిషం దాకా ఆగి బయటివారి దగ్గర కొన్నవారిని ప్రతి కచేరీకీ వెనక్కి పంపవలసి వచ్చేది. ఆ ముఖాలు మరిచిపోలేను. ఒకసారి ఒక కుటుంబం ఐదు టికెట్లను స్క్రీన్‌షాట్‌లుగా తెచ్చుకుంది. ఐదింటిలోనూ ఒకే బార్‌కోడ్ ఉంది. అదే బార్‌కోడ్‌తో అరగంట క్రితమే మరొకరు లోపలికి వెళ్లారు. చిన్న పిల్లవాడు బ్యాండ్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకొని వచ్చాడు. నేను చేయగలిగినది ఏమీ లేకపోయింది.

ఇప్పుడు చాలా టికెట్లలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకొకసారి మారుతూ ఉంటుంది. స్క్రీన్‌షాట్ పనికిరాదు, కాగితం మీద ముద్రించుకున్నదీ పనికిరాదు. అమ్మినవారి ఖాతా నుంచి మీ ఖాతాలోకి టికెట్ వచ్చి తీరాలి. నిదానం గారిలా అధికారిక రీసేల్‌లోనే ఆగి కొనేవారికి ఈ ప్రమాదం లేదు. ‘ఆగితే చవగ్గా దొరుకుతుంది’ అని చెప్పేటప్పుడు ‘ఎక్కడ’ అన్నది కూడా చెప్పాలని నా మనవి.

నిదానం

గేటుదగ్గర గారు చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మొదటి పోస్టులోనే అధికారిక రీసేల్ అని రాయవలసింది. సోషల్ మీడియాలో పరిచయం లేనివారికి డబ్బు పంపి టికెట్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

దూరతీరం

ఐర్లండులో 2021 నాటి చట్టం ప్రకారం, వెయ్యిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పట్టే వేదికల టికెట్లను అసలు ధరకు మించి తిరిగి అమ్మడం నేరం. నేను అక్కడ నాలుగేళ్లు ఉన్నాను. అక్కడ ఆగడం వేరు, ఇలాంటి చట్టం లేనిచోట ఆగడం వేరు. కాబట్టి ముందుగా మీ కచేరీ జరిగేచోట రీసేల్ ధర మీద హద్దు ఉందో లేదో తెలుసుకోండి. హద్దు ఉంటే లాభం కోసం టికెట్లు పోగుచేసేవారు తక్కువ. అందువల్ల చివర్లో కుప్పగా బయటపడే టికెట్లు కూడా తక్కువ. రాలేకపోయినవారివి మాత్రమే వస్తాయి.

బ్యాండ్ స్వయంగా హద్దు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ద క్యూర్ 2023 అమెరికా పర్యటనకు ధరలు తక్కువగా ఉంచి, అసలు ధరకే మార్పిడి జరగాలని పట్టుబట్టింది. కొన్ని రాష్ట్రాల చట్టాలు మాత్రం అందుకు అడ్డొచ్చాయి. 20 డాలర్ల టికెట్ మీద సేవా రుసుములు టికెట్ ధరనే మించిపోయాయని అభిమానులు చూపించినప్పుడు గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా నిలదీశాడు. టికెట్‌మాస్టర్ ఒక్కో టికెట్‌కు 5 నుంచి 10 డాలర్ల వరకు తిరిగి ఇచ్చింది. మొత్తం చిన్నదే కావచ్చు, తమ అభిమానుల జేబు గురించి పట్టించుకున్న బ్యాండ్ అని నాకు గౌరవం పెరిగింది. మీ బ్యాండ్ తన పేజీలో రీసేల్ గురించి ఏమని రాసిందో చదవండి. అది చదివితే వాళ్ల మనసు కూడా తెలుస్తుంది.

మూడోవరుస

అందరికీ అమ్మకం మొదలయ్యే మర్నాటి దాకా ఆగవచ్చు కదా అనుకునేవారికి ఒక మాట. గాయని టేలర్ స్విఫ్ట్‌ది బ్యాండ్ కాకపోయినా ఆమె ఎరాస్ పర్యటన గుర్తు చేసుకోండి. 2022 నవంబరు 15న ముందస్తు అమ్మకం పెట్టారు. ముందుగా నమోదు చేసుకున్నవారే 35 లక్షల మంది. ఒక్క రోజులో 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి, వెబ్‌సైటు కుప్పకూలింది, 18న జరగవలసిన బహిరంగ అమ్మకాన్ని పూర్తిగా రద్దు చేశారు. మర్నాటి కోసం ఆగినవారికి ఆ మర్నాడు రానే లేదు. మీ బ్యాండుకు అంత గిరాకీ ఉండకపోవచ్చు. అయినా కోడ్ ఉన్న రోజును వదులుకోవద్దు.

ఏకాంతగీతం

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. అక్కయ్య రాలేకపోతే మీరు ఒంటరిగా వెళతారా? టికెట్ ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉంది. వెళతాను అంటే మీ టికెట్ మీద నష్టభయం లేదు. అనుమానం రెండో సీటు మీద మాత్రమే. వెళ్లను అంటే రెండు సీట్లూ పణంగా పెడుతున్నట్టు లెక్క. నేను పద్నాలుగు కచేరీలకు ఒంటరిగా వెళ్లాను. మొదటిసారి చుట్టూ అందరూ జంటలుగా, గుంపులుగా కనబడి బెరుకనిపించింది. రెండో పాటకు పక్కనున్నవారితో కలిసి గొంతెత్తి పాడుతున్నాను. అదే పాట కోసం అంత దూరం వచ్చినవారు అక్కడ మనకు పరాయివారు కారు.

వేసవిరాగం

ఏకాంతగీతం గారి ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. పొద్దున అక్కకు ఫోన్ చేశాను. ఇప్పటిదాకా ఈ విషయం ఆమెకు చెప్పనే లేదు. ఆశ పెట్టి తరువాత నిరాశపరచడం ఇష్టం లేక దాచాను. విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, డ్యూటీ పట్టిక నెల ముందు వచ్చినా సెలవు కోరిక మూడు నెలల ముందు పెట్టుకోవచ్చని, తోటి నర్సులతో రాత్రి డ్యూటీలు మార్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయని చెప్పింది. “నేను రాలేకపోతే నువ్వు వెళ్లకుండా ఉంటావేమో, అది మాత్రం నేను ఒప్పుకోను” అన్నది. నేను వెళతానని మాట ఇచ్చాను.

నిబంధనలు మళ్లీ చదివాను. అధికారిక రీసేల్ ఉంది, కచేరీకి రెండు రోజుల ముందు వరకు అనుమతిస్తారు. ధరల పట్టిక ముందురోజు పెడతామని రాశారు. గురువారం ప్రయత్నిస్తాను.

లెక్కలబడి

చాలా మంచి నిర్ణయం. రెండు చిన్న సంగతులు చెబుతాను. ఖాతాలో కార్డు వివరాలు, ఫోన్ నంబరు బుధవారం రాత్రే సరిచూసుకోండి. సీట్లు మీ పేరున నిలిచి ఉండే ఆ కొద్ది నిమిషాల్లో ఓటీపీ రాక పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. క్యూలో చేరాక పేజీని రిఫ్రెష్ చేయకండి. కొన్నిచోట్ల అలా చేస్తే వరుసలో వెనక్కి పోతారు.

హోటలు, ప్రయాణం మాత్రం ఇప్పుడే డబ్బు కట్టి ఖాయం చేసుకోవద్దు. కచేరీ రద్దయితే టికెట్ డబ్బు వస్తుంది గాని రైలు, గది డబ్బు నిర్వాహకులు ఇవ్వరు. తేదీ మారితే పాత టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది. అది కుదరనివారు డబ్బు వెనక్కి అడగడానికి గడువు తరచుగా చాలా తక్కువ ఉంటుంది. వాళ్ల ఈమెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయేమో అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. గది తీసుకుంటే ఉచితంగా రద్దు చేసుకోగలిగినదే తీసుకోండి.

వానచినుకు

గురువారం ఏమైందో తప్పక రాయండి. మేమందరం ఎదురుచూస్తూ ఉంటాం.

వేసవిరాగం

దొరికాయి.

పది గంటలకు చేరితే నా ముందు పదకొండు వేల మంది ఉన్నారు. యాభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. వంతు వచ్చేసరికి కింది అంతస్తు మామూలు ధరలో అయిపోయింది. వేదికకు ఎదురుగా రెండు సీట్లు ప్రీమియం పేరుతో కనిపించాయి, ధర నా లెక్కకు దాదాపు రెట్టింపు. చెయ్యి ఒక్క క్షణం అటు వెళ్లింది. లెక్కలబడి గారి మాట గుర్తొచ్చి మ్యాప్ తెరిస్తే, పై అంతస్తులో కుడివైపు రెండు సీట్లు మామూలు ధరలో ఉన్నాయి. అవే తీసుకున్నాను. దూరమే, పక్కవాటుగా కనిపిస్తుంది. అయినా అవి మావి.

అక్కకు సీట్ల నంబర్లు పంపితే, ఆ సీడీలో మొదటి పాట పేరు మాత్రమే తిరిగి పంపింది.

నిదానం

మనస్ఫూర్తిగా సంతోషం. చివరి వారంలో అధికారిక పేజీని ఒక కన్నేసి ఉంచండి. పక్కన పెట్టిన వరుసలు వదిలితే కింది అంతస్తులో దొరకవచ్చు. దొరికితే ఈ రెండూ రీసేల్‌లో పెట్టవచ్చు, గడువు దాటకుండా చూసుకోండి. దొరకకపోయినా మీకు లోటు లేదు. ఆగేవాడి ఓపిక, ముందు కొన్నవాడి నిశ్చింత రెండూ మీ దగ్గర ఉన్నాయి.

గేటుదగ్గర

ఒక జాగ్రత్త. రెండు టికెట్లూ మీ ఫోనులోనే ఉంటే ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లవలసి వస్తుంది. అక్కయ్య డ్యూటీ ముగించుకొని నేరుగా వచ్చేటట్టయితే ఆలస్యం కావచ్చు. ద్వారం బయట ఆమె కోసం నిలబడి మొదటి పాట పోగొట్టుకోకండి. బదిలీ సదుపాయం తెరవగానే ఆమె టికెట్‌ను ఆమె ఖాతాలోకి పంపండి. కచేరీ సాయంత్రం వేదిక దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు వాడుతుంటే నెట్‌వర్క్ అందదు, కాబట్టి ఇంట్లో ఉండగానే ఇద్దరూ టికెట్‌ను ఫోన్ వాలెట్‌లో భద్రపరచుకోండి.

వేసవిరాగం

ఇది నాకు తట్టనే లేదు. అక్కకు ఆ వెబ్‌సైటులో ఖాతా లేదు. రాత్రి డ్యూటీ నుంచి రేపు ఉదయం వస్తుంది. రాగానే ఫోనులో ఒక్కొక్కటీ చెబుతూ ఖాతా తెరిపిస్తాను.